డాక్టర్ సలహా: లిఫ్ట్ ఎక్కాలన్నా భయమే... అమెరికా విమానంలో ఏ సీటు తీసుకోవాలి?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. రాయగడలో ఉంటాం. మా అమ్మాయి డాలస్‌లో ఉంది. మరో మూడు నెలల్లో పురుడు. నేనూ మావారూ వైజాగ్ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి దుబాయ్ మీదుగా వెళ్లాలి. చిన్నప్పటి నుంచీ నాకు మూసి ఉన్న చోట భయం. లిఫ్ట్ ఎక్కను. ఆమధ్య నడుముకి ఎంఆర్ఐ తీస్తామని మిషన్ లోపలికి పంపగానే కేకలు పెట్టి బయటికి వచ్చేశాను. కోరాపుట్ రైల్లో సొరంగాలు వస్తుంటే మావారి చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. టికెట్లు తీయాలి, ఏ సీటు కావాలో చెప్పమని అమ్మాయి అడుగుతోంది. నిద్రమాత్ర వేసుకుని పడుకుంటే సరిపోతుందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, రాయగడ

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మీరు వెళ్లగలరు. మీకున్న ఇబ్బందిని క్లాస్ట్రోఫోబియా అంటాం. ఇది పిరికితనం కాదు, మొండితనం అంతకన్నా కాదు. ఎంఆర్ఐ గదిలోంచి లేచి వచ్చేసేవాళ్లను మేం తరచూ చూస్తుంటాం. వాళ్లలో చాలామంది ఆ తర్వాత అదే మిషన్‌లో పడుకుని స్కాన్ పూర్తి చేయించుకున్నారు కూడా. మీ చేతిలో మూడు నెలలున్నాయి. సీటు గురించి వివరంగా చెబుతాను. కానీ సీటు సగం పనే చేస్తుంది. మిగతా సగం ఈ మూడు నెలల్లో మీరు చేసే సాధన మీద ఆధారపడి ఉంటుంది.

సీటు ఎంచుకునే ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి. ఆరోజు ఎంఆర్ఐలో మిమ్మల్ని భయపెట్టింది ఏమిటి? ‘ఇక్కడి నుంచి బయటపడలేను’ అన్న ఆలోచనా, లేక గోడలు మీదకి వస్తున్నట్టు, గాలి చాలనట్టు అనిపించడమా? రెండూ ఒకటిగానే కనిపిస్తాయి గానీ సీటు విషయంలో దారులు వేరు. బయటపడలేనన్న భయం ఎక్కువగా ఉన్నవాళ్లకి నడవ పక్క సీటు మంచిది. ఎవరినీ అడగకుండా, ఎవరి మోకాళ్లూ దాటకుండా లేచి నిలబడొచ్చు. గోడలు దగ్గరపడుతున్నట్టు అనిపించేవాళ్లకి ఒక్కోసారి కిటికీయే హాయిగా ఉంటుంది. బయట ఆకాశం కనిపిస్తే గుండె తేలికపడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రకమని నాకు అనిపిస్తోంది. మిషన్ నుంచి లేచి వచ్చేసిన మనిషికి కావాల్సింది లేవగలిగే సీటు. కాబట్టి నడవ పక్కదే తీసుకోండి. మధ్య సీటు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా, ఊరికే ఇచ్చినా వద్దు.

వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి ఎక్కువగా ఎయిర్‌బస్ ఎ320 రకం విమానాలు తిరుగుతాయి. మధ్యలో ఒకటే నడవ, అటు మూడు, ఇటు మూడు సీట్లు. వీటిలో సి, డి అక్షరాలున్నవి నడవ పక్కవి. బి, ఇ మధ్యవి. మీకు సి, మీవారికి బి తీసుకోమనండి. వీలైనంత ముందు వరసలో ఉంటే మంచిది. ఎదురుగా తలలు తక్కువ కనిపిస్తాయి, దిగేటప్పుడు జనం మధ్య ఇరుక్కుని నిలబడే సమయం తగ్గుతుంది. క్లాస్ట్రోఫోబియా ఉన్నవాళ్లని విమానం దిగేటప్పటి ఆ పది నిమిషాలే ఎక్కువ బాధపెడతాయి. ఒకవేళ ఆ రోజు ఏటీఆర్ అనే ఫ్యాన్ రెక్కల చిన్న విమానం పడితే లెక్క తిరగబడుతుంది. దానికి ప్రయాణికులు ఎక్కే తలుపు వెనక ఉంటుంది. అందులో వెనక వరసలే తలుపుకి దగ్గర. జయపురంలాంటి చిన్న విమానాశ్రయాలకి నడిపే తొమ్మిది సీట్ల విమానం జోలికి మాత్రం ప్రస్తుతానికి వెళ్లకండి. అందులో నిటారుగా నిలబడే ఎత్తు కూడా ఉండదు. వైజాగ్ దాకా రైలే మీకు మేలు.

అసలు పరీక్ష దుబాయ్ నుంచి డాలస్. దాదాపు 16 గంటలు. అంత దూరం వెళ్లే పెద్ద విమానాల్లో రెండు నడవలుంటాయి. బోయింగ్ 777లో చాలా కంపెనీలు మూడు, నాలుగు, మూడు సీట్ల చొప్పున వేస్తాయి. అక్కడ మధ్యనున్న నాలుగు సీట్లలో చివరిది తీసుకోండి, పక్కది మీవారికి. పక్క గోడ లోపలికి వంగి ఉండటం వల్ల కిటికీ వైపు కాస్త ఇరుకుగా తోస్తుంది, మధ్యలో కప్పు ఎత్తుగా, విశాలంగా ఉంటుంది. పైగా మిమ్మల్ని లేపాల్సి వచ్చేది మహా అయితే మీవారే, అవతల కూర్చున్నవాళ్లకి అటు వేరే నడవ ఉంటుంది. వేరే దారిలో వెళ్లి ఎయిర్‌బస్ ఎ330 లాంటి విమానం పడితే ఇంకా నయం. రెండు, నాలుగు, రెండుగా ఉంటాయి. పక్కన రెండు సీట్లూ మీ ఇద్దరివే. ఆయన కిటికీ దగ్గర, మీరు నడవ దగ్గర. పరాయివాళ్ల భుజం తగలకుండా కూర్చోవడం మీలాంటివాళ్లకి ఎంత ఊరటో నాకు తెలుసు.

ఎదురుగా సీటు లేకుండా గోడ మాత్రమే ఉండే మొదటి వరస గురించి కూడా మీ అమ్మాయికి ఎవరో చెప్పే ఉంటారు. ముందువాళ్లు సీటు వెనక్కి వాల్చి మీ మొహం మీదకి తెచ్చే బాధ అక్కడ ఉండదు. మీకు ఇది మంచిదే, దొరికితే తీసుకోండి. కాకపోతే చేతి సంచీ పైన పెట్టేయాలి, చేతులు ఆన్చుకునే కమ్మీలు పైకి లేవవు, చంటిపిల్లల ఉయ్యాల తొట్లు అక్కడే బిగిస్తారు కాబట్టి ఏడుపులు తప్పవు. ఎమర్జెన్సీ ద్వారం పక్క వరసలో కాళ్లకి చోటు బాగా ఉంటుంది గానీ మీకు వద్దంటాను. అవసరమైతే ఆ బరువైన తలుపు తీసి సాయపడతామని అక్కడ కూర్చునేవాళ్లు ఒప్పుకోవాలి. పైగా భయం ఎక్కువైనప్పుడు ‘ఈ తలుపు నేనే తీసేస్తానేమో’ అన్న ఊహ కొందరిని వేధిస్తుంది. నిజానికి విమానం అంత ఎత్తులో ఎగురుతుండగా ఆ తలుపు మనిషి బలానికి తెరుచుకోదు, లోపలి గాలి ఒత్తిడే దాన్ని బిగించి ఉంచుతుంది. సంగతి తెలిసినా సరే, ఆ ఆలోచనతో 16 గంటలు కూర్చోవడం దేనికి?

సీటు ముందుగా ఎంచుకోవడానికి కొంత డబ్బు అడుగుతారు. దండగ అనుకోకండి. ఊరికే వచ్చే సీటు చాలాసార్లు మధ్యదే అవుతుంది. వెళ్లేటప్పటివే కాదు, తిరుగు ప్రయాణంలో ప్రతి విమానానికీ సీట్లు ఇప్పుడే తీసుకోమనండి. ఆఖరి నిమిషంలో విమానం మారితే సీటు నంబర్లూ మారిపోతాయి. బయల్దేరే ముందు రోజు మరోసారి చూసుకోవాలి.

ఇక వీల్‌చైర్. ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దారి తప్పకుండా పిల్లలు వీల్‌చైర్ పెట్టిస్తారు. మంచి ఏర్పాటే. కానీ వీల్‌చైర్ ప్రయాణికుల్ని విమానంలోకి అందరికన్నా ముందు ఎక్కిస్తారు, అందరూ దిగాక దించుతారు. అంటే తలుపు మూసేదాకా మీరు ఊరికే అరగంటో ఇంకా ఎక్కువో లోపల కూర్చోవాలి. మీ భయం పెరిగేది సరిగ్గా అప్పుడే. దుబాయ్‌లో దారి చూపడానికి సాయం తీసుకోండి, అయితే గేటు దగ్గరకి చేరాక ‘మేం చివర్లో నడిచి ఎక్కుతాం’ అని సిబ్బందికి చెప్పండి. మీవారు కావాలంటే ముందే ఎక్కి సంచులు పైన సర్దుకోవచ్చు.

తలుపు మూశాక బెల్టు లైటు ఆరేదాకా లేవనివ్వరు. ఆ కాసేపు కష్టంగా ఉండొచ్చు. గుండె దడ, వేళ్లు తిమ్మిరి, తల తిరగడం, గాలి అందనట్టు ఉండటం... ఇవన్నీ గాలి తక్కువై వచ్చేవి కావు. భయంలో మనం తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఈ లక్షణాలు వస్తాయి. మందు కూడా ఊపిరిలోనే ఉంది. ముక్కుతో మెల్లగా నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదలడం పొడవుగా ఉండాలి, కిటుకు అదే. ఇలాంటి దడ సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆపైన తనంతట తానే దిగుతుంది. దాన్ని ఆపేయాలని పెనుగులాడితే ఇంకా సాగుతుంది. రానివ్వండి, పోతుంది.

గాలి సంగతి కూడా చెబుతాను. ఎందుకంటే తెలియకపోతే మనసు ఊహించుకుంటుంది. విమానం లోపలి గాలి గంటకి 20 నుంచి 30 సార్లు మారుతుంది. దాదాపు సగం బయటి నుంచి వచ్చే కొత్త గాలి, మిగతాది ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లలో వాడే రకం ఫిల్టర్ల గుండా వస్తుంది. లోపలి ఒత్తిడి 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. మన కోరాపుట్ దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. అక్కడికి వెళ్లిన వాళ్లెవరూ గాలి చాలక ఇబ్బంది పడరు కదా! విమానంలో ఉండేది దానికి కొంచెం పైన. సీటు పైన గాలి వచ్చే చిన్న గొట్టం ఉంటే మొహం మీదకి తిప్పుకోండి. కొన్ని పెద్ద విమానాల్లో అది ఉండదు, అందుకే ఓ చిన్న తాటాకు విసనకర్ర సంచీలో పెట్టుకోండి. మొహానికి చల్లగాలి తగిలితే భయం త్వరగా అణుగుతుంది. వదులుగా ఉండే నూలు బట్టలు వేసుకోండి. ఆ రోజు కాఫీ, టీలు బాగా తగ్గించండి, గుండె దడని అవి పెంచుతాయి.

మీలాంటివాళ్లు అడగడానికి మొహమాటపడే విషయం బాత్రూమ్. లోపల గడియ వేసుకోవాలంటే భయమేసి చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు. గంటల తరబడి అలా ఉండటం ప్రమాదం. విమానంలో బాత్రూమ్ గడియ సిబ్బంది బయటి నుంచి కూడా తీయగలరు, దానికి ఏర్పాటు ఉంటుంది. లోపల ఎవరూ ఇరుక్కుపోరు. మీవారిని తలుపు బయట నిలబడమనండి. నీళ్లు బాగా తాగండి. రెండు గంటలకోసారి నడవలో అటూ ఇటూ నడవండి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. నడవ పక్క సీటు తీసుకోమనడానికి ఇది కూడా ఓ కారణం.

నిద్రమాత్ర గురించి గట్టిగానే చెప్పాలి. మన ఊళ్లలో మందుల షాపులో అడిగితే అల్ప్రాజోలం చేతిలో పెట్టేస్తారు. చట్టప్రకారం అది డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. మీ వయసులో దాంతో తూలి పడటం, తికమకపడటం జరగొచ్చు. మత్తులో కదలకుండా పడుకుంటే కాళ్లలో గడ్డల ముప్పు పెరుగుతుంది. గురక, ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరి మందగించొచ్చు. మొదటిసారి విమానంలో వేసుకోవడం అయితే ఎంతమాత్రం తగదు. నిజంగా అవసరమని మీ డాక్టర్ అనుకుంటే తక్కువ మోతాదు రాసిస్తారు. దాన్ని ముందు ఇంట్లో ఒకసారి వేసుకుని చూడాలి. చీటీ, మందు కవరు వెంట ఉంచుకోవాలి. గల్ఫ్ దేశాల్లో ఇలాంటి మందులపై నిబంధనలు కఠినంగా ఉంటాయి. ఇతరుల మాత్రలు సంచీలో పెట్టుకుని వెళ్లకండి.

ఇప్పుడు ఈ మూడు నెలల పని. ఈ వారమే ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఈసీజీ చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ తేడా ఉన్నా దడ, ఆయాసం వస్తాయి, వాటిని భయమని పొరబడతాం. మన జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఎక్కువ కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఉంటే మీరూ పరీక్ష చేయించుకోండి. జబ్బు ఉందని తేలితే విమానం ఎక్కే ముందు డాక్టర్ సలహా తప్పనిసరి.

భయానికి బాగా పనిచేసే చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మానసిక చికిత్స. అందులో ముఖ్యమైనది, భయపడే చోటికే కొద్దికొద్దిగా వెళ్లి, దడ తగ్గేదాకా అక్కడే ఉండటం. దడగా ఉండగానే బయటికి వచ్చేస్తే మెదడు ‘తప్పించుకున్నాను కాబట్టి బతికాను’ అని నేర్చుకుంటుంది. తగ్గేదాకా ఉంటే ‘ఉన్నా ఏమీ కాలేదు’ అని నేర్చుకుంటుంది. మొదట ఇంట్లో చిన్న గది తలుపు వేసుకుని కూర్చోండి. తర్వాత లిఫ్ట్‌లో ఒక అంతస్తు, మీవారితో. ఆ తర్వాత ఒంటరిగా. రాయగడ మీదుగా దుర్గ్–విశాఖ వందే భారత్ వెళ్తోంది కదా, మీకు అంతకన్నా మంచి సాధన లేదు. కిటికీలు తెరుచుకోవు, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, విమానంలాంటి సీట్లు. వైజాగ్‌కి సుమారు మూడు గంటలు. ఒకసారి నడవ పక్కన, మరోసారి కావాలనే కిటికీ పక్కన కూర్చుని వెళ్లి రండి. కోరాపుట్ రైలు ఎక్కితే సొరంగంలో కళ్లు తెరిచి, మీవారి చెయ్యి వదిలి ఊపిరి లెక్కపెట్టండి. వీలుంటే అమెరికా ప్రయాణానికి నెల ముందు వైజాగ్–హైదరాబాద్ విమానం ఒకసారి ఎక్కి దిగండి. గంటన్నర లోపే అయిపోతుంది. ఖర్చే గానీ, మిగతా ప్రయాణానికి అది ఇచ్చే ధైర్యం వేరు.

ఇవి ఒంటరిగా కష్టమనిపిస్తే కోరాపుట్ లేదా బరంపురం మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. మీవారినీ తీసుకెళ్లండి, ఆయన ఎప్పుడు చెయ్యి పట్టుకోవాలో ఎప్పుడు వదలాలో తెలుసుకోవాలి. ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

చివరిగా ఒకటి. విమానంలో కూర్చున్నాక ఎవరో ఒకరు వచ్చి ‘ఆంటీ, మేం ఫ్యామిలీ, కాస్త సీటు మారతారా’ అని అడుగుతారు. మన ఆడవాళ్లు మొహమాటానికి లేచి ఏ మధ్య సీట్లోకో వెళ్లిపోతారు. మీరు లేవకండి. ‘సారీ, మెడికల్ ప్రాబ్లమ్, డాక్టర్ ఈ సీట్లోనే కూర్చోమన్నారు’ అని చెప్పండి. నేను నిజంగానే చెబుతున్నాను కాబట్టి అందులో అబద్ధం లేదు.

– మానసిక వైద్య నిపుణులు, బరంపురం