హోండా సిటీ గేర్ నాబ్ ఊడి రావడం లేదన్న ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. మీ పాత హోండా సిటీ మాన్యువల్ కారులో తోలు ఊడిన గేర్ నాబ్ ఎంత తిప్పినా కదలడం లేదనీ, పట్టకారు వాడవచ్చా అనీ అడిగారు. పట్టకారు వద్దు. అది జారితే లివర్ మీది మర చుట్లు పాడవుతాయి, ఆ తర్వాత కొత్త నాబ్ కూడా సరిగా కూర్చోదు.

ఆ నాబ్ సీసా మూతలా లివర్ మర చుట్ల మీద తిప్పి బిగించినదే. తుప్పు వల్లనో, మరలకు పూసిన లాకింగ్ జిగురు వల్లనో ఇలా బిగుసుకుపోతుంది. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరును రెండులో ఉంచితే లివర్ వెనక్కి వచ్చి చేతులకు చోటు దొరుకుతుంది. కింది తోలు తొడుగును జరిపి, నాబ్ మెడ దగ్గర హెయిర్ డ్రయ్యర్‌తో నాలుగైదు నిమిషాలు వేడి పట్టిస్తే జిగురు మెత్తబడుతుంది. హీట్ గన్ మాత్రం ప్లాస్టిక్‌ను కరిగించగలదు. వేడి తగ్గకముందే రబ్బరు పూత ఉన్న గ్లౌజులు తొడుక్కుని, ఒకరు లివర్‌ను కదలకుండా పట్టుకోగా, మీరు కుదుపు లేకుండా నిలకడగా ఎడమవైపుకు తిప్పండి. అప్పటికీ రాకపోతే ఆయిల్ ఫిల్టర్ విప్పే రబ్బరు బెల్టు రెంచ్‌ను నాబ్‌కు చుట్టి తిప్పండి. లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే కింది లింకేజీ దెబ్బతినకూడదు కనుక లివర్‌ను పట్టుకునే మనిషి అప్పుడు మరింత అవసరం.

కొత్తది కొనేముందు మర కొలత చూడండి. హోండాలకు సాధారణంగా ఎం10 × 1.5 (అంటే 10 మి.మీ. వ్యాసం, చుట్ల మధ్య 1.5 మి.మీ. దూరం) సరిపోతుంది, చాలా టయోటాలకు వాడే ఎం12 × 1.25 మీ లివర్‌పై వదులుగా ఆడుతుంది. మొదటి చుట్లు చేత్తోనే ఎక్కించండి, నాబ్ మీది గేర్ల బొమ్మ వంకరగా ఆగితే కింద లాక్ నట్ (నాబ్‌ను కావలసిన చోట ఆపి బిగించే నట్) వేసి సరిచేయండి.