కనెక్టికట్‌లో కౌంటీలు పోయి ప్లానింగ్ రీజియన్లు వచ్చాయా?

లెక్కల వరకు అవును, పాలన వరకు కాదు: 2022లో అమెరికా సెన్సస్ బ్యూరో కనెక్టికట్‌లోని 8 కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) బదులు 9 ప్లానింగ్ రీజియన్లను కౌంటీతో సమానమైన యూనిట్లుగా తీసుకుంది.

నిజానికి ఆ రాష్ట్రం 1960లోనే కౌంటీ ప్రభుత్వాలను రద్దు చేసింది. అప్పటినుంచి కౌంటీ అంటే మ్యాపు మీద గీతే, స్థానిక పాలన 169 టౌన్లది. రవాణా ప్రణాళికలాంటి ఉమ్మడి పనుల కోసం ఆ టౌన్ల పెద్దలు రీజియన్ల వారీగా మండలిగా కూర్చుంటారు. పని నడిచేది అక్కడే కాబట్టి గణాంకాలూ అలాగే ఇవ్వమని రాష్ట్రమే అడిగింది.

ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీనే చూడండి. బ్రిడ్జ్‌పోర్ట్ గ్రేటర్ బ్రిడ్జ్‌పోర్ట్ రీజియన్‌లోకి, స్టామ్‌ఫర్డ్ వెస్టర్న్ కనెక్టికట్‌లోకి, షెల్టన్ నాగటక్ వ్యాలీలోకి వెళ్లాయి. హద్దులే మారాయి కనుక పాత కౌంటీ అంకెలను కొత్తవాటి పక్కన నేరుగా పెట్టి పోల్చలేం. డేటాతో పనిచేసేవాళ్లకు అసలు టెన్షన్ ఇదే.

రీజియన్ అంటే పన్నులు వేసే కొత్త ప్రభుత్వమని చాలామంది అనుకుంటారు. కాదు. మన జిల్లా పరిషత్‌కు ఉన్నట్టు దానికి విడిగా ఎన్నికలు ఉండవు, టౌన్లలో గెలిచినవాళ్లే అందులో కూర్చుంటారు. ఇంటి పన్ను ఎప్పటిలాగే టౌన్‌కే కట్టాలి. కౌంటీ పేర్లు కూడా జనం వాడుకలో అలాగే ఉన్నాయి.