జామైన హబ్బును సుత్తితో కొట్టి పాడుచేస్తే ఖర్చు ఎవరు భరించాలి?

ప్రశ్న: మాది కాకినాడ. 2006 నాటి మారుతి వ్యాగన్ ఆర్ ఉంది. ముందు ఎడమ చక్రం దగ్గర హోరు వస్తోందని షెడ్డుకు తీసుకెళ్తే బేరింగు మార్చాలన్నారు. 3,500 రూపాయలకు మాట్లాడుకుని, ఫోన్‌పేలో 1,500 అడ్వాన్సు ఇచ్చాను. తుప్పు పట్టి హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) రావడం లేదని సుత్తితో కొట్టారు, గ్యాసు మంట కూడా పెట్టారు. ఇప్పుడు యాక్సిల్ చివర చితికిపోయింది, నకిల్ (బేరింగు కూర్చునే ఇనుప భాగం) కూడా మార్చాలి, మొత్తం 14,000 కడితేనే బండి ఇస్తామంటున్నారు. బిల్లు ఇవ్వలేదు. పాత బండి కాబట్టి తమకు సంబంధం లేదంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: తుప్పు షెడ్డువాళ్ల తప్పు కాదు. ఉప్పుగాలి తగిలే ఊళ్లో అన్నేళ్ల బండికి హబ్బు, యాక్సిల్ పళ్లు కరుచుకుపోవడం మామూలే. హబ్బు లాగినప్పుడు బేరింగు లోపలి రింగు దానితోపాటే ఊడి వస్తుంది కాబట్టి పాత బేరింగు ఎలాగూ పనికిరాదు. జామైనందుకు అదనపు కూలి కొంత అడిగినా న్యాయమే. ఇంతవరకూ మీరు వాదించకండి.

యాక్సిల్, నకిల్ సంగతి వేరు. చక్రం నేల మీద ఉండగానే మధ్య నట్టు వదులు చేసి, పళ్లలోకి తుప్పు వదిలించే నూనె కొట్టి కొన్ని గంటలు నాననివ్వాలి. తర్వాత హబ్బుకు పుల్లర్ (లాగే పనిముట్టు) బిగించి, దాని స్క్రూతో యాక్సిల్‌ను లోపలికి నెట్టాలి. నట్టు తీసేసి ఉత్త థ్రెడ్ల మీద సుత్తి వేస్తే చివర గొడుగులా విచ్చుకుంటుంది, నట్టు మళ్లీ ఎక్కదు. దెబ్బ లోపలి జాయింటు దాకా పోతుంది. మంట పెడితే దగ్గర్లోని రబ్బరు తొడుగులు, బాల్ జాయింటు గ్రీజు కాలిపోతాయి. బేరింగును ప్రెస్ (నొక్కే యంత్రం) మీద కాకుండా వంకరగా కొట్టి తీస్తే నకిల్ లోపల గీతలు పడి, కొత్త బేరింగు గట్టిగా కూర్చోదు. ఈ నష్టాలు తుప్పు వల్ల వచ్చినవి కావు, తీసిన తీరు వల్ల వచ్చినవి. మీ కేసు నిలిచేది ఈ తేడా మీదే.

రిపేరుకిచ్చిన బండి చట్టం దృష్టిలో వాళ్ల సంరక్షణలో ఉన్న మీ ఆస్తి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 151 ప్రకారం, వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్త దాని పట్ల తీసుకోవాలి. బండి పాతదైతే ఆ బాధ్యత తగ్గదు. పాతదని తెలిసే పని ఒప్పుకున్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) కింద ఇది సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి.

బండి ఆపుకోవడానికి వాళ్లకు హక్కు అసలే లేదనలేం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170, చేసిన పనికి న్యాయంగా రావలసిన కూలి అందేదాకా వస్తువును ఉంచుకోనిస్తుంది. కానీ తాము పాడుచేసిన భాగాల ఖరీదుకు ఆ హక్కు వర్తించదు. పని పూర్తయితే మిగిలిన 2,000 ఇస్తానని ముందు వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పండి. ఒప్పుకోకపోతే, బండి అత్యవసరమైతే, "కారు విడిపించుకోవడానికి మాత్రమే, నా అభ్యంతరానికి లోబడి చెల్లిస్తున్నాను" అని మెసేజ్ పెట్టి యూపీఐలోనే కట్టండి. తర్వాత తిరిగి అడగవచ్చు. రెండో తాళంతో చెప్పకుండా తెచ్చుకోవద్దు. గొడవ క్రిమినల్ ఫిర్యాదుగా మారుతుంది.

అన్నిటికన్నా తొందరపడాల్సింది పాత సామాన్ల విషయంలో. చితికిన యాక్సిల్, నకిల్, బేరింగు ముక్కలు పాత ఇనుము బండికి పోతే మీ సాక్ష్యం పోయినట్టే. వాటిని నాకివ్వండని ఈరోజే మెసేజ్ పెట్టండి. వెళ్లి సుత్తి దెబ్బలు, మంట మరకలు కనబడేలా ఫొటోలు తీయండి. కొత్తవి బిగించకముందే వేరే మెకానిక్‌తో గానీ లైసెన్సున్న మోటారు సర్వేయరుతో (బండ్ల నష్టం అంచనా వేసేవారు) గానీ కారణం రాయించుకోండి. వినియోగదారుల కమిషన్ ముందు సేవాలోపాన్ని మొదట నిరూపించాల్సింది మీరే.

ఒక్క విషయం గుర్తు చేసుకోండి: కొట్టేముందు "యాక్సిల్ పోవచ్చు, కొట్టమంటారా" అని అడిగారా, మీరు సరేనన్నారా? అలాగైతే మీ కేసు బాగా బలహీనపడుతుంది.

తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తప్పనిసరి కాదు గానీ చాలా గొడవలు అక్కడే తెగుతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. 5 లక్షల లోపు సేవకు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు. బండిని టాక్సీగా తిప్పుతుంటే మాత్రం అది మీ సొంత జీవనోపాధి కోసమేనని చూపాలి.

అదనంగా కట్టిన సొమ్ము, సరిచేయించిన ఖర్చు, బిల్లులున్న ప్రయాణ ఖర్చులు అడగండి. నెలల తరబడి అద్దె కార్లలో తిరిగి ఆ బిల్లులు పెడితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 అడ్డొస్తుంది, నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం మీరూ చేసి ఉండాలి. 2006 నాటి యాక్సిల్ స్థానంలో కొత్తది వస్తోంది కనుక దాని పూర్తి ధర ఇవ్వకుండా కమిషన్ కొంత తగ్గించవచ్చు. రాజీకి కూర్చుంటే ఆ లెక్క మనసులో ఉంచుకునే మాట్లాడండి.