పల్లె ఆసుపత్రిలో కొత్త నర్సుకు ముందుగా కావలసింది రాత్రి ఫోనెత్తే మనిషి

"చిన్న గ్రామీణ ఆసుపత్రిలో కొత్తగా చేరే నర్సుకు ఎన్ని రోజుల శిక్షణ సరిపోతుంది?" అని అడిగారు. రోజుల లెక్కతో దీనికి సమాధానం రాదని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. నేను చూసినంతలో, నిలదొక్కుకున్న ప్రతి నర్సుకూ అర్ధరాత్రి ఫోను చేస్తే విసుక్కోకుండా మాట్లాడిన ఒక సీనియర్ సిస్టర్ ఉన్నారు. ఉద్యోగం వదిలి వెళ్ళిపోయిన వారిలో చాలామందికి అటువంటి మనిషి దొరకలేదు.

నేను చేరిన మూడో వారంలో మొదటిసారి ఒంటరిగా నైట్ డ్యూటీ వేశారు. రాత్రి రెండు దాటాక నెలలు నిండిన గర్భిణిని తీసుకువచ్చారు. బీపీ 170/110 ఉంది. కఫ్ విప్పుతుండగానే ఆమెకు ఫిట్స్ మొదలయ్యాయి. జనం గుర్రపువాతం అనే ఎక్లాంప్సియా అది. డాక్టరు గారు మరొక రోగిని తీసుకుని అంబులెన్సులో పెద్దాసుపత్రికి బయలుదేరారు, ఆయన ఫోను కలవడం లేదు. ఈ ఫిట్స్ ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు మొత్తం 14 గ్రాములని, అందులో 4 గ్రాములు నరానికి, 10 గ్రాములు కండకు ఇవ్వాలని పరీక్షలో తప్పు లేకుండా రాసినదాన్నే. కానీ పుస్తకంలో ఉన్నవి గ్రాములు, నా చేతిలో ఉన్నవి రెండేసి మిల్లీలీటర్ల గాజు ఆంపూల్స్. ఎన్ని పగలగొట్టాలో ఆ క్షణంలో నాకు తోచలేదు.

గంట ప్రయాణం దూరంలో ఇంట్లో నిద్రపోతున్న సీనియర్ సిస్టరుకు ఫోను చేశాను. "ముందు ఆమెను ఎడమ పక్కకు తిప్పి ఆక్సిజన్ పెట్టు తల్లీ, తరువాత లెక్క చూద్దాం" అన్నారు. ఒక్కొక్క ఆంపూల్‌లో ఒక గ్రాము ఉంటుంది కనుక 14 ఆంపూల్స్ తీసి, నాలుగు ఒక పక్క, పది మరొక పక్క ట్రేలో పేర్చమన్నారు. ఆ నాలుగింటి 8 మిల్లీలీటర్లకు 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ కలిపించి, ఐదు నిమిషాలకు తగ్గకుండా నెమ్మదిగా ఎక్కించమని, గడియారం చూసి తనకు పైకి చెప్పమని అన్నారు. మిగిలిన పదిని ఐదేసి చొప్పున రెండు పిరుదులకూ లోతుగా చేయించారు. మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడుగా ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉంచుకోమని, శ్వాస నిమిషానికి 16కు, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గినా, మోకాటి రిఫ్లెక్స్ రాకపోయినా తరువాతి మోతాదు ఆపమని గుర్తుచేశారు. ఫిట్స్ ఆగేవరకు ఆమె ఫోను పెట్టలేదు, "ఇంత చిన్న లెక్క కూడా తెలియదా" అని ఒక్క మాట అనలేదు. మరునాడు ఖాళీ ఆంపూల్స్ ముందు పెట్టి అదంతా నా చేత మూడుసార్లు మళ్ళీ చేయించారు. నాకు తెలిసిన శిక్షణ అంటే అదే.

చదువుకున్నదానికీ వార్డులో ఎదురయ్యేదానికీ మధ్య కొత్త నర్సు తట్టుకోలేని ఈ తేడాను 1974లోనే అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 'రియాలిటీ షాక్' అన్నారు. పెద్దాసుపత్రిలో ఆ దెబ్బ తగిలినప్పుడు పక్క మంచం దగ్గర మరొక నర్సు ఉంటుంది. పల్లెలో కాన్పు, పాముకాటు, పురుగుమందు తాగిన కేసు ఒకే రాత్రి ఒకే అమ్మాయి దగ్గరకు వస్తాయి.

అందుకే దూరపు నగరంలో వారం రోజులు జరిపే శిక్షణల మీద నాకు కోపం. అక్కడ మందును లెక్క ప్రకారం తానే ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు మీద నేర్పి పంపుతారు, ఇక్కడ పంపే ఉండదు. సన్న చుక్కలుగా సెలైన్ ఎక్కించే మైక్రోడ్రిప్ సెట్‌లో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు కనుక, నిమిషానికి పడే చుక్కల సంఖ్యే గంటకు వెళ్ళే మిల్లీలీటర్ల సంఖ్య అని ఒక్కరూ చెప్పి పంపరు. పైగా శిక్షణకు సీనియరును పంపినన్నాళ్ళూ వార్డు మొత్తం కొత్త అమ్మాయి మీద పడుతుంది. తిరిగి వచ్చాక సర్టిఫికెట్ ఫైలులోకి వెళుతుంది, నేర్చుకున్నది ఎవరికీ నేర్పే సమయం దొరకదు.

నన్నడిగితే, మొదటి మూడు నెలలు కొత్త నర్సుకు ఒంటరి నైట్ డ్యూటీ వేయకూడదు. ఆ తరువాత ప్రతి రాత్రికీ ఫోనులో అందుబాటులో ఉండే సీనియర్ పేరు డ్యూటీ చార్టులో రాసి ఉండాలి. ఆ గంటలను డ్యూటీగా లెక్కగట్టి జీతం ఇవ్వాలి. ఎందుకంటే, ఆ రాత్రి నా కోసం మేలుకున్న సిస్టర్ మరునాడు ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉన్నారు. ఆమె మేలుకున్న గంటలు ఏ రిజిస్టరులోనూ లేవు.

మా లేబర్ రూములో కొత్తగా చేరినవారి చేత మొదటి వారంలోనే 14 ఆంపూల్స్ ట్రేలో పేర్పిస్తాను. నా నంబరు వారి ఫోనులో నేనే ఎక్కించి, ఒకసారి నా ఎదుటే నాకు ఫోను చేయిస్తాను. అలా ఒకసారి చేసిన అమ్మాయి, అవసరం పడ్డ రాత్రి నాకు ఫోను చేయడానికి సందేహించడం నేను చూడలేదు.