రోజుకో ఫోటోకి టీ టైమ్ చాలు

ఆఫీసు, ట్రాఫిక్ మధ్య రోజూ ఫోటో తీద్దామనుకుంటే నాలుగో రోజుకే ఆగిపోతోందన్నారు కదండీ. నాదీ అదే కథ. విడిగా టైమ్ పెట్టుకోవడం మానేశాకే కుదిరింది.

పొద్దున టీ ఎలాగూ తాగుతారు, ఆ గ్లాసునే తీయండి. కిటికీ వెలుగు గ్లాసు వెనకవైపు నుంచి ఏటవాలుగా పడాలి, వెనక ముదురు రంగు తలుపో గోడో ఉండాలి. అప్పుడే ఆవిరి బాగా కనబడుతుంది. చాలా ఫోన్లలో గ్లాసు అంచు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. ఫోటోలో వెలుగు తగ్గడానికి పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగండి. ఫోటో తీసేముందు లెన్స్ తుడవండి, నా మసక ఫోటోలకి సగం కారణం వేలిముద్రలే!

వారమంతా అదే గ్లాసు. బోరే, కానీ ఐదో రోజుకి నేను గ్లాసు వదిలేసి దాని నీడను తీయడం మొదలుపెట్టాను. పది తీసినా ఒక్కటే ఉంచుకోండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు తీసి సరిపెట్టడం మాత్రం వద్దు.