మ్యాటర్ ఉంది, మార్కులు రావట్లేదు

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. తెలుగు మీడియంలో డిగ్రీ పూర్తిచేసి గ్రూప్‌-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. టెస్ట్ సిరీస్‌లో ప్రతి పేపర్ మీదా ‘మ్యాటర్ ఉంది, అమరిక లేదు’ అని రాసిస్తున్నారు. అమరిక అంటే ఏమిటో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఇంగ్లిష్ మీడియంకి మారిపొమ్మని ఇంట్లో అంటున్నారు. నేను రాసిన ఒక పేరా పంపుతున్నాను. నేనేం చేయాలి సర్?

జవాబు: మీడియం మారకండమ్మా. మీ పేరా నాలుగుసార్లు చదివాను. అందులో ఉన్న ఇబ్బంది తెలుగు వల్ల వచ్చింది కాదు. ఇదే పేరాను ఇంగ్లిష్‌లో రాసినా అదే రిమార్కు వస్తుంది. పైగా భాషతో కుస్తీ పట్టడానికే ఏడాది పోతుంది.

‘కాకతీయుల కాలంలో నీటిపారుదల ప్రాధాన్యాన్ని వివరించండి’ అన్న ప్రశ్నకు మీరు రాసింది ఇదీ:

‘కాకతీయులు చాలా చెరువులు తవ్వించారు. రామప్ప, పాకాల, లక్నవరం ముఖ్యమైనవి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గణపతిదేవుడు గొప్ప రాజు. అలాగే గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. అంతేకాకుండా వ్యవసాయం అభివృద్ధి చెందింది. మిషన్ కాకతీయ 2015లో మొదలైంది.’

ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ మూడో వాక్యాన్ని తీసి ఆరో వాక్యం దగ్గర పెట్టి చదవండి. ఏమీ మారలేదు కదా? వాక్యాలను ఎటు జరిపినా పేరా అలాగే ఉందంటే దానికి అమరిక లేనట్టే. మీరు తెలిసిన విషయాలను గుర్తొచ్చిన వరుసలో దించేశారు. ‘అలాగే’, ‘అంతేకాకుండా’ అన్న మాటలు ఆ అతుకులు కనపడకుండా వేసినవే. వాటిని చూడగానే నేను ఎర్రపెన్ను తీస్తాను. రెండు వాక్యాల మధ్య నిజంగా సంబంధం ఉంటే అక్కడ ‘అందుకే’ పడుతుంది, ‘అయితే’ పడుతుంది, లేదా ఏ మాటా అవసరం ఉండదు.

ఇప్పుడు మీ మ్యాటర్‌తోనే ఇలా రాసి చూశాను:

‘పడిన వాన నీటిని పారిపోనివ్వకుండా నిలబెట్టుకోవడం వల్లనే కాకతీయుల కాలంలో మెట్ట ప్రాంతం సాగులోకి వచ్చింది. ఇక్కడ కృష్ణా, గోదావరి పొలాల కంటే పల్లంలో పారతాయి. ఆ నీళ్లు మెట్టకు ఎక్కవు. అందుకే గుట్టల మధ్య, వాగులకు అడ్డంగా కట్టలు పోశారు. పాకాల, రామప్ప, లక్నవరం అలా వచ్చిన చెరువులే. చాలాచోట్ల పై చెరువు అలుగు పోస్తే ఆ నీరు కింది చెరువులో చేరేలా వరుసగా కట్టారు. దీన్నే గొలుసుకట్టు అంటారు. నీరు అందిన కొద్దీ కొత్త పొలాలు సాగయ్యాయి, వాటి శిస్తుతో రాజ్యానికి రాబడి పెరిగింది.’

మొదటి వాక్యం చూడండి. ప్రశ్నలో ఉన్న ‘ప్రాధాన్యం’ అనే మాటకు అక్కడే జవాబు వచ్చేసింది. అది చదవగానే దిద్దేవారికి ‘నదులు ఉన్నాయి కదా, చెరువులెందుకు?’ అన్న అనుమానం వస్తుంది. రెండు, మూడు వాక్యాలు ఆ అనుమానం తీరుస్తాయి. ‘మరి ఏం చేశారు?’ అంటే నాలుగోది, ‘ఎక్కడ?’ అంటే ఐదోది, ‘ఒక చెరువు నిండిపోతే?’ అంటే ఆరోది. చివరి వాక్యం మళ్లీ ప్రాధాన్యం దగ్గరికి తీసుకొచ్చి వదిలింది. ఒక్కో వాక్యం చదివేవారి మనసులో పుట్టే ప్రశ్నకు తర్వాతి వాక్యం జవాబు చెప్పాలి. మీ మాస్టారు అమరిక అన్నది దీన్నే.

యునెస్కో గుర్తింపు ఎక్కడ పోయిందని అడుగుతారేమో. తీసేశాను. అది గుడికి వచ్చిన గుర్తింపు, చెరువుకు కాదు. శిల్పకళ మీద ప్రశ్న వచ్చినప్పుడు వాడుకోండి. చెరువుల పునరుద్ధరణ పథకమైన మిషన్ కాకతీయ మంచి పాయింటే, కానీ దాని చోటు వ్యాసం చివర్లో, ఈనాటి పరిస్థితి చెప్పే పేరాలో. కష్టపడి చదివిన పాయింట్‌ను వదిలేయాలంటే ప్రాణం ఒప్పదు. నాకు తెలుసు. నేను మొదటిసారి మెయిన్స్ రాసినప్పుడు తెలిసినదంతా ప్రతి జవాబులోనూ కుక్కాను, ఆ పేపర్‌లోనే మార్కులు పోగొట్టుకున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తెలుగులో రాసేవారు ఇంకో సంగతి గమనించాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘గణపతిదేవుని సేనాని అయిన రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్ప గుడికి దగ్గర్లో ఉన్న, చుట్టుపక్కల ఊళ్ల పొలాలకు నీరందించే చెరువు...’ అని సాగదీస్తే, అసలు ఏం చెప్పబోతున్నారో తెలియక చదివేవారు చివరిదాకా ఊపిరి బిగబట్టాలి. రోజుకు ఎన్నో పేపర్లు దిద్దేవారికి అంత ఓపిక ఉండాలని మనం కోరుకోకూడదు. రెండు ముక్కలు చేయండి. ఒక్క గుక్కలో చదవలేని వాక్యం కనపడితే విరిచేయండి.

జనరల్ ఎస్సే పేపర్‌లో మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోటి దాదాపు 1000 మాటలు, 50 మార్కులు. అంటే వ్యాసానికి గంట. ఆ గంటలో మొదటి ఎనిమిది నిమిషాలు రాయకండి. రఫ్‌గా తొమ్మిది పది పేరాల మొదటి వాక్యాలు మాత్రం వేసుకోండి. ఆ వాక్యాలను వరుసగా చదివితే వ్యాసం సారాంశం వినిపించాలి. వినిపించకపోతే పేరాలు అటూ ఇటూ మార్చాల్సింది అప్పుడే, పెన్ను పరుగెత్తడం మొదలయ్యాక కాదు. పక్కవాళ్లు అడిషనల్ షీట్ అడుగుతుంటే టెన్షన్ వస్తుంది. రానివ్వండి, మీరు మాత్రం ఆ ఎనిమిది నిమిషాలు వదలకండి.

ఇంట్లో చేసే సాధన చిన్నదే. రోజుకొక పేరా రాసి, వాక్యానికొక చీటీ చొప్పున కత్తిరించి, కలిపేసి, మీ చెల్లికో స్నేహితురాలికో ఇచ్చి వరుసగా పేర్చమనండి. ఆమె మీ వరుసకు దగ్గరగా పేర్చగలిగితే పేరా నిలబడినట్టు. తడబడిన చోట ఏ రెండు వాక్యాలకూ పొత్తు కుదరలేదో మీకే కనపడుతుంది. బ్యాంకు పరీక్షలు రాసే మీ స్నేహితులకు పేరా జంబుల్స్‌లో పనికొచ్చేదీ ఇదే.

ఈ వారానికి ఒక పని ఇస్తున్నాను. 1908 సెప్టెంబరులో మూసీ వరద, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, నగరానికి తాగునీరు. ఈ ఆరింటితో రెండు పేరాలు రాయండి. ఒకటి ‘వరద నివారణ’ మీద, రెండోది ‘హైదరాబాద్ నగరాభివృద్ధి’ మీద. రెండింటికీ మొదటి వాక్యం వేరుగా ఉండాలి. ఒక్కో పేరాలో కనీసం ఒక పాయింట్‌ను వదిలేయాలి. ఏది వదిలారో, ఎందుకు వదిలారో పేరా కింద ఒక్క లైనులో రాసి పంపండి. నేను ముందు ఆ లైనే చదువుతాను.