సింగ్‌నగర్‌లో ప్రళయం గురించి మాట్లాడబోయే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చి. సౌమ్యకు బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రసంగ పాఠం రెండుసార్లు చదివాను. గ్రహశకలాలు, అణుయుద్ధం, మహమ్మారులు, కృత్రిమ మేధ... నలభై నిమిషాల్లో మానవజాతిని నాలుగుసార్లు తుడిచిపెట్టావు! బాగానే కష్టపడ్డావు, కాదనను. కానీ నువ్వు మాట్లాడబోయేది సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు చొరబడిన ఇళ్లవి. మునగడమంటే ఏమిటో వాళ్లకు నువ్వు చెప్పనక్కర్లేదు. ముందు వాళ్లనే పది నిమిషాలు మాట్లాడనివ్వు.

విజయవాడవాళ్లకు ప్రకాశం బ్యారేజీ లెక్క కొట్టిన పిండి. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఆ అంకె వినగానే లంకల్లో గొడ్లను గట్టుకు తోలుకొస్తారు తప్ప గుండెలు బాదుకుంటూ కూర్చోరు. నువ్వూ అలాగే చెప్పు: ముప్పు ఎంత, ఎప్పటికి, అంకె పెరిగితే ఎవరేం చేస్తారు.

2024 వైఆర్4 అనే గ్రహశకలం సంగతే తీసుకో. 2032 డిసెంబరు 22న అది భూమిని ఢీకొనే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3 శాతం దాటి, కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నాకు దిగింది. ‘శాస్త్రవేత్తలు మాట మార్చారు’ అని ఎవరో ఒకరు లేస్తారు. ఎగువ నుంచి కబురు వచ్చేకొద్దీ బ్యారేజీ దగ్గర అంచనా గంటగంటకూ మారదా అని అడుగు. ఇంకొకటి. అది తగిలితే ఒక నగరం పోతుందేమో గాని మనిషి జాతి పోదు. డైనోసార్లను అంతం చేసినది దాదాపు పది కిలోమీటర్ల బండ. నీ పాఠంలో రెండూ ఒకే గాటన ఉన్నాయి, విడదీయి.

నేనూ ఒకసారి తప్పు చేశాను. 2012 డిసెంబరులో యుగాంతం పుకార్లు కొట్టిపారేద్దామని ఇక్కడొక బడికి వెళ్లాను. పుకారును బాగానే కొట్టేశాను. చివర్లో చప్పట్ల మీద ఆశతో ‘కానీ నిజమైనది ఏ రోజైనా రావచ్చు’ అన్నాను. మర్నాడు ఎనిమిదో తరగతి పిల్లను వెంటబెట్టుకుని వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. ‘ఎలాగూ పోతాం కదా’ అని ఆ పిల్ల లెక్కలు చేయడం మానేసిందట. నోట్సు వెనక అట్ట మీద కక్ష్యలు గీసి, రాత్రంతా ఆకాశానికి కాపలా కాసేవాళ్లున్నారని చెప్పాను. అప్పటికి నా దగ్గర అంతకు మించి లేదు. నీకు నాసావాళ్ల డార్ట్ ప్రయోగం ఉంది. 2022 సెప్టెంబరు 26న ఆ నౌక డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని ఢీకొని, పెద్ద శకలం చుట్టూ అది తిరిగే కాలాన్ని దాదాపు 32 నిమిషాలు తగ్గించింది. ముప్పు చెప్పిన నోటితోనే ఇదీ చెప్పు, చివర్లో దాచకు.

టీచర్లు వస్తే రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలిన సంగతి చెప్పు. 2013లో ఆకాశంలో మెరుపు చూసి జనం కిటికీల దగ్గరికి పరుగెత్తారు. చప్పుడు తర్వాత వచ్చింది. దాదాపు 1500 మంది గాయపడ్డారు, చాలావరకు పగిలిన అద్దాలకే. మెరుపు కనబడితే కిటికీకి దూరం జరగాలి. పిల్లలు ఇంటికి మోసుకెళ్లగల మాట ఇది.

అణ్వాయుధాలకూ కృత్రిమ మేధకూ ఇలాంటి శాతాలు లేవు. నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదని ఒప్పుకో, అంకెలు పుట్టించకు. 1983లో సోవియట్ హెచ్చరిక యంత్రం క్షిపణులు వస్తున్నాయని తప్పుగా చెబితే, డ్యూటీలో ఉన్న సైనికాధికారి పెట్రోవ్ నమ్మలేదు. (అదీ డార్ట్ ఢీకొన్న సెప్టెంబరు 26నే, కాకతాళీయం.) యంత్రం చెప్పింది కదా అని మీట నొక్కేయాలా అని సభనే అడుగు. సినిమా రోబో బొమ్మలతో పని ఉండదు.

కృష్ణమ్మ దుర్గమ్మ ముక్కుపుడకను తాకితే యుగాంతమట కదా అని ఏ పెద్దావిడో తప్పక అడుగుతుంది. నవ్వకు. అదీ ఒక కొలతే: నీళ్లు ఎంతవరకు వస్తే అంతమో గుర్తు పెట్టుకున్న మాట. ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టుకుంటే నీ పని సగం అయినట్టే.

నీ ప్రసంగానికి పెట్టిన ఆ మంటల బొమ్మ తీసేసి బ్యారేజీ నీటిమట్టం ఫొటో పెట్టు. అక్కడ కుళాయిలు ఎన్నింటికి వస్తాయో కనుక్కుని సభ వేళ మార్పించు, లేకపోతే ఆడవాళ్లు ఒక్కరూ రారు. నేను మధ్యాహ్నం బస్సుకు బయల్దేరి వస్తాను.

మీ బాబాయి